ఒర కుడుతూ నేర్చుకున్నది



నిజ్వా సూక్‌లో ఖంజర్లు మీరూ చూసే ఉంటారు. ఒమాన్ జెండా మీద ఉన్నదీ ఆ బాకే. దాని ఒరకి చెక్క మీద తోలు తొడిగి వెండి దారంతో కుడతారు. ఆ పనితనాన్ని 2022లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

అది చూసి, మొక్కల పనికి జేబులో వేసుకునే నా చిన్న చాకుకి ఒర కుట్టాను. వారంలోనే ఊడింది. చాకు అంచు లోపలి నుంచి దారాన్ని కోసేసింది! రెండోసారి కుట్టు వెంట, రెండు తోళ్ళ మధ్య మందపాటి తోలు పట్టీ పెట్టాను. ఆరెతో రంధ్రాలు పొడిచాను. మైనం రాసిన ఒకే దారానికి రెండు కొసలా సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రంలో ఎదురెదురుగా దూర్చాను. ఇలా కుడితే ఒక పోగు తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. దారం మాత్రం కుట్టు పొడవుకి కనీసం నాలుగింతలు తీసుకోండి.

ఆరె పట్టుకోగానే మా ఊరు గుర్తొచ్చింది. తంగేడు చెక్కతో తోళ్ళు పదును చేసి, చెప్పులూ మోట తొండాలూ కుట్టిన మాదిగ పెద్దలు గుర్తొచ్చారు. ఇక్కడ తోలు పనిని నడుముకి కట్టుకుని గర్వపడుతున్నారు. మనమేమో ఆ పని చేసినవాళ్ళని ఊరి చివర ఉంచాం. మా అబ్బాయికి కుట్టుతో పాటు ఈ మాటా చెప్పాను. మీరూ మీ పిల్లలకి చెప్పండి.

సెలవు.