పసిబిడ్డల యెదుగుదల: అంకెల సాక్ష్యము



మన మార్కాపురము పలకలపై దేశమున నెందఱో బాలబాలికలు అంకెలు దిద్దుకొనిరి. ఆ యంకెలే పసిబిడ్డల ప్రాణములను గాపాడగలవని చెప్పుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

కంభము చెఱువు క్రింద సేద్యము చేయు రైతు నీటిమట్టము నొక్కనాడు చూచి తృప్తిపడడు. ఈ మాసమున నేటేట నెంత యుండును, ఇప్పుడెంత యున్నది, కడచిన నెలకంటె పెరిగినదా, తగ్గినదా యని పోల్చి చూచును. బిడ్డ బరువును గూడ నట్లే చూడవలయును.

2006వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ యెదుగుదల ప్రమాణములను ప్రకటించెను. మన దేశముతో గూడ నాఱు దేశములలో, చక్కని పోషణ గల సుమారు 8,500 మంది బిడ్డల కొలతలే వానికాధారము. వాని ప్రకారము ఏడాది నిండిన మగబిడ్డకు నడిమి బరువు 9.6 కిలోలు, ఆడుబిడ్డకు 8.9 కిలోలు. మగబిడ్డ 7.7కును, ఆడుబిడ్డ 7.0కును లోబడినచో వైద్యునిచే పరీక్ష చేయింపవలయును. 6.9కును, 6.3కును లోబడినచో నొక దినమైనను జాగు కూడదు.

అయినను హద్దునకు లోబడిన ప్రతిబిడ్డయు రోగి కాదు. ఆరోగ్యవంతులైన వేయిమందిలో సుమారు 23 మంది సహజముగానే యా హద్దు క్రింద నుందురు. కాని యొక యూర నూఱుగురిలో నిరువదిమంది యట్లున్నచో, అది తల్లుల తప్పని నిందింపరాదు. ఆ యూరి తిండిలో, త్రాగునీటిలో, పరిశుభ్రతలో లోపమును వెదకవలయును.

ఒక్క మాట నా యింటి సంగతి. నా మనుమరాలు తొమ్మిదవ నెలలో ఏడున్నర కిలోలు తూగెను. ఏడాది నిండినప్పుడును అంతియే. హద్దునకు పైనే యున్నది. చూచుటకు బొద్దుగా నున్నది. “మా వంశమున నందఱును సన్ననివారే” యని నేను నవ్వి యూరకుంటిని. అంగన్‌వాడి కార్యకర్త మాత్రము పటముపై గీతను చూపి, “తాతగారూ! మూడు నెలలుగా గీత పైకి లేవలేదు” అనెను. విచారింపగా, పలుచని గంజి తప్ప బిడ్డకు వేఱు తిండి లేదు, మాటిమాటికి విరేచనములు. వైద్యము చేయించి, పప్పన్నము, గ్రుడ్డు, నేయి పెట్టగా రెండు నెలలలో గీత మరల పైకెక్కెను. నా కన్ను కానని దానిని గీత కనిపెట్టినది.

1975 అక్టోబరు 2వ తేదీన మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము వలన నేడు మన పల్లెలలో త్రాసులు గలవు, పటములు గలవు. నెలనెల బిడ్డలను తూపించుడు. వానలెక్క వలెనే యీ లెక్కను గూడ రచ్చబండ కడ విచారింపుడు. గండి పడిన పిదప మట్టము కొలిచి ప్రయోజనమేమి?

సెలవు.