బోదకాలు పురుగు జన్యువులు మనకు చెప్పిన సంగతి

(రోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగ పాఠం)

మీలో చాలామంది తెల్లవారకముందే బస్సెక్కి వచ్చారు. లోపల మీవాళ్లను పిలిచేలోగా నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

కొంతకాలం క్రితం బోదకాలు ఉన్న ఒక తల్లి తన కూతురిని వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది. ఆమె అడిగింది తన కాలు గురించి కాదు. "డాక్టరుగారూ, ఈ జబ్బు జన్యువులు కనిపెట్టారని పేపర్లో పడిందట. జన్యువులంటే వంశంలో వచ్చేవే కదా అని మా అమ్మాయికి కుదిరిన సంబంధంవాళ్లు వెనక్కి తగ్గారు. నిజం చెప్పండి, నా కాలు నా పిల్లకు వస్తుందా?" అని అడిగింది. ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది.

ఆమెకు చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాను. అమ్మా, శాస్త్రవేత్తలు చదివింది పురుగు జన్యువులను. మీవి కాదు, మీ వంశానివి అంతకన్నా కాదు.

జబ్బు ఎలా వస్తుంది?

బోదకాలును డాక్టర్లు ఫైలేరియా అంటారు. దీనికి కారణం దారంలా సన్నగా ఉండే ఒక పురుగు. మన శరీరంలో రక్తనాళాలు కాక లింఫు నాళాలు అనే సన్నని కాలువలు కూడా ఉన్నాయి. ఒంట్లోని అదనపు నీటిని అవి మళ్లీ రక్తంలోకి చేరుస్తాయి. ఈ పురుగులు ఆ కాలువల్లో కాపురం పెట్టి ఏళ్ల తరబడి బతుకుతాయి. ఆడపురుగు లక్షల సంఖ్యలో పిల్లల్ని కంటుంది. ఆ పిల్లపురుగులు రాత్రివేళ రక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్య కార్యకర్తలు రాత్రిపూట వచ్చి వేలిమీద రక్తం తీస్తారు.

మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కూడా రాత్రే కుడుతుంది. రక్తంతోపాటు పిల్లపురుగు దోమలోకి వెళ్తుంది. సుమారు 10 నుంచి 14 రోజుల్లో అక్కడ ఎదిగి, ఆ దోమ మరొకరిని కుట్టినప్పుడు ఆ గాటులోంచి లోపలికి పాకుతుంది. ఈ పురుగు దోమలో పెరుగుతుందని 1877లో ప్యాట్రిక్ మ్యాన్సన్ అనే వైద్యుడు చైనాలో పనిచేస్తూ కనిపెట్టాడు. ఒక జబ్బుకు దోమతో సంబంధం ఉందని లోకానికి తెలియడం అదే మొదలు.

కాబట్టి ఈ జబ్బు ముట్టుకుంటే రాదు. ఒకే కంచంలో తింటే రాదు. తల్లి నుంచి బిడ్డకు వంశపారంపర్యంగా రాదు. ఎవరి పాపమో, శాపమో అంతకంటే కాదు. ఒకే ఇంట్లో ఇద్దరికి ఉందంటే, ఆ ఇద్దరినీ కుట్టిన దోమలు ఒకే మురుగుకాలువవి అని అర్థం.

పురుగు పుస్తకంలో ఏముంది?

మరి జన్యువుల సంగతి ఏమిటి? ప్రతి ప్రాణి శరీరం ఎలా తయారుకావాలో, ఎలా బతకాలో దాని కణాల్లోనే రాసి ఉంటుంది. ఆ రాతలో నాలుగే నాలుగు అక్షరాలు. ఆ అక్షరాలను వరుస తప్పకుండా చదవడమే జన్యుక్రమం తెలుసుకోవడం.

ఫైలేరియా పురుగుల్లో బ్రూజియా మలయి అనేది ఒక రకం. మన దేశంలో ఇది ముఖ్యంగా కేరళలో కనిపించింది. దీన్ని ప్రయోగశాలలో చిన్న జంతువుల్లో పెంచవచ్చు కాబట్టి శాస్త్రవేత్తలు ముందు దీన్నే ఎంచుకున్నారు. దాని జన్యుక్రమం 2007లో వెలువడింది. సుమారు 9 కోట్ల అక్షరాలు, పదకొండున్నర వేల జన్యువులు ఉన్నట్టు తేలింది. మన తెలుగు జిల్లాల్లో బోదకాలు తెచ్చేది వుచెరేరియా బాంక్రాఫ్టి అనే మరో రకం. దాని జన్యుక్రమం 2013లో వచ్చింది.

ఇందులో ఒక వింత ఉంది. ఈ పురుగుల ఒంట్లో వోల్బాకియా అనే సూక్ష్మజీవి కాపురం ఉంటుంది. దాని జన్యుక్రమాన్ని 2005లోనే చదివారు. తర్వాత రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ అనే పదార్థం పురుగు బతకడానికి కావాలి. దాన్ని సొంతంగా తయారుచేసుకునే జన్యువులు పురుగులో చాలావరకు లేవు, సూక్ష్మజీవిలో ఉన్నాయి. కొన్ని విటమిన్ల సంగతీ అంతే. అంటే అద్దెకున్నవాడే ఇంటివాళ్లకు బియ్యం, పప్పు తెచ్చిపోస్తున్నాడన్నమాట. అద్దెకున్నవాడిని వెళ్లగొడితే ఇంట్లో పొయ్యి వెలగదు.

సూక్ష్మజీవిని చంపడానికి మనదగ్గర మందు ఉంది. అది డాక్సీసైక్లిన్ అనే మామూలు యాంటీబయాటిక్. దీన్ని కొన్ని వారాలు వాడితే ఆడపురుగులు పిల్లల్ని కనలేకపోతాయని, పెద్ద పురుగులు కూడా మెల్లగా చనిపోతాయని ముందే పరీక్షల్లో చూశారు. అది ఎందుకు పనిచేస్తుందో జన్యువులు వివరించాయి. అయితే దయచేసి ఈ మాట విని మందుల షాపుకు వెళ్లకండి. గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఈ మందు ఇవ్వకూడదు. ఎవరికి అవసరమో డాక్టరే చెప్పాలి. వారాల తరబడి వాడాలి కాబట్టి ఊరందరికీ పంచడానికీ ఇది కుదరదు. ఇంతకన్నా తక్కువ రోజుల్లో పనిచేసే మందుల కోసం శాస్త్రవేత్తలు వెతుకుతున్నారు.

ఊరందరూ మింగాల్సిన బిళ్లలు

ఊరంతటికీ ఇచ్చేవి వేరే ఉన్నాయి. డీఈసీ, ఆల్బెండజోల్ బిళ్లలు. 2018 నుంచి మన దేశంలో కొన్ని జిల్లాల్లో వీటికి ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి ఇస్తున్నారు. ఐవర్‌మెక్టిన్‌కు దారి చూపిన విలియం క్యాంప్‌బెల్, సతోషి ఒమురా అనే ఇద్దరికి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతటి మందు మన గుమ్మంలోకి ఉచితంగా వస్తే "నాకేం జబ్బు?" అని చూరులో దోపేవాళ్లను నేను చూశాను. కాలు వాయకముందే రక్తంలో పురుగులు ఉండవచ్చు. బయటికి బాగానే కనిపించే ఆ మనిషి నుంచే దోమ పురుగును పక్కింటికి మోసుకెళ్తుంది. మింగిన తర్వాత కొందరికి జ్వరం, తలనొప్పి రావచ్చు. లోపల పురుగులు చనిపోతున్నందువల్లే చాలావరకు అలా జరుగుతుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే ఆరోగ్య కార్యకర్తకు చెప్పండి. గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారు మింగకూడదు. మిగిలినవారు ఏదైనా తిని, కార్యకర్త ఎదుటే మింగండి.

వాచిన కాలు సంగతి

ఇక మీ ఇంట్లో వాచిన కాలు గురించి. నేను కుర్ర డాక్టరుగా ఉన్నప్పుడు ఒక పెద్దాయనతో "దీనికి చేసేదేమీ లేదు తాతా" అనేశాను. ఆయన మళ్లీ రాలేదు. ఆ మాట తప్పని తర్వాత నేర్చుకున్నాను. దెబ్బతిన్న లింఫు నాళాలను జన్యుశాస్త్రం ఇంకా బాగుచేయలేదు. కాని ఆ కాలుకు చేయాల్సింది చాలా ఉంది.

వాచిన కాలులో వేళ్ల సందుల్లో చర్మం చిట్లుతుంది. అక్కడినుంచి మామూలు సూక్ష్మక్రిములు లోపలికి పోయి చలిజ్వరం, మంట, నొప్పి తెస్తాయి. అలా జ్వరం వచ్చిన ప్రతిసారీ వాపు మరికాస్త పెరుగుతుంది. డాక్సీసైక్లిన్ వాడితే వాపు తగ్గుతుందేమోనని మన దేశంతోపాటు మరికొన్ని దేశాల్లో ఇటీవల పరీక్షించారు. ఆ మందు మింగినవారికీ, మందులేని బిళ్ల మింగినవారికీ పెద్ద తేడా కనిపించలేదు. కాని రెండు వర్గాలవారికీ రోజూ కాలు కడుక్కోవడం నేర్పారు. మేలు చేసింది ఆ కడుక్కోవడమే.

కాబట్టి రోజూ ఇలా చేయండి. మంచినీళ్లు, మామూలు సబ్బుతో కాలిని మెల్లగా కడగండి. వేళ్ల సందులు, మడతలు మరవకండి. మెత్తని గుడ్డతో అద్ది పూర్తిగా ఆరబెట్టండి, రుద్దవద్దు. పగుళ్లుంటే డాక్టరు రాసిన ఆయింట్‌మెంటు రాయండి. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు కాలి కింద దిండు పెట్టండి. మడమను పైకి కిందికి ఆడించమనండి. చెప్పులు లేకుండా నడవనివ్వకండి. జ్వరం, మంట వచ్చిన రోజుల్లో వ్యాయామం ఆపి, చల్లని తడిగుడ్డ వేసి, వెంటనే డాక్టరును కలవండి. కాల్చి వాతలు పెట్టడం, సూదితో పొడవడం, ఆకుపసర్లు కట్టడం వద్దు. మగవారికి వృషణాల దగ్గర వాపు ఉంటే దాచుకోవద్దు. దానికి ఆపరేషన్ ఉంది.

వయసు మళ్లినవారికి వంగి తమ వేళ్ల సందులు కడుక్కోవడం కష్టం. అక్కడ మీ చెయ్యి కావాలి. మొదట్లో వాళ్లే సిగ్గుపడి కాలు వెనక్కి లాక్కుంటారు. మీరు పట్టువదలకండి.

ఆ తల్లి ఇంకో నెలకు మళ్లీ వచ్చింది. సంబంధం ఏమైందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కాలు చూపించమంటే చీర అంచు కాస్త పైకి తీసింది. వేళ్ల సందులు పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. "రోజూ రాత్రి మా అమ్మాయే కడుగుతోంది" అంది.

ఈ రాత్రి మీ ఇంట్లోనూ ఒక చెంబు నీళ్లు, ఒక సబ్బుబిళ్ల, ఒక పాత మెత్తని గుడ్డ సిద్ధం చేసుకోండి. ఎలా కడగాలో చూడాలనుకునేవారు ఇప్పుడు ఇక్కడే ఉండండి, మా సిస్టర్లు చేసి చూపిస్తారు.