లేయా కళ్లు



స్త్రీలపై వివక్షకు మతగ్రంథాల వ్యాఖ్యానాలు ఎలా తోడ్పడతాయో మనం చాలాసార్లు చర్చించుకున్నాం. వికలాంగుల విషయంలో ఆ చర్చ ఇంకా జరగవలసే ఉంది. చిన్నప్పటి నుంచి చూపు తక్కువగా ఉన్న స్త్రీగా నేనివాళ ఒక్క మాట గురించే మాట్లాడతాను.

హీబ్రూ గ్రంథంలో, ఆదికాండం 29వ అధ్యాయంలో, లాబాను కూతుళ్లు లేయా, రాహేలు కనిపిస్తారు. రాహేలు అందగత్తె అని, లేయా కళ్లు 'రక్కోత్' అని అక్కడ ఉంది. మెత్తని, లేత, సుకుమారమైన అని ఆ మాటకు అర్థాలు. 18వ అధ్యాయంలో అబ్రాహాము అతిథుల కోసం తెచ్చిన లేతదూడకూ ఇదే విశేషణం. సామెతల గ్రంథంలో కోపాన్ని చల్లార్చే మృదువైన జవాబుకూ ఇదే. ఆడపిల్ల కళ్ల దగ్గరకు వచ్చేసరికి మాత్రం చాలా అనువాదాల్లో అది బలహీనత అయింది. మన చర్చిల్లో ఎక్కువగా చదివే తెలుగు బైబిల్లో ఏకంగా జబ్బయింది. 1989 నాటి న్యూ రివైజ్డ్ స్టాండర్డ్ వర్షన్ అనే ఇంగ్లీషు అనువాదం అందమైన కళ్లు అంది.

సరే, లేయాకు నిజంగానే చూపు తక్కువ అనుకుందాం. అయితే ఏమిటి? కళ్ల మూలంగా యాకోబు ఆమెను వద్దన్నాడని కథలో లేదు. అతను రాహేలును ప్రేమించాడని ఉంది. రాత్రివేళ పెళ్లికూతుర్ని మార్చి మోసం చేసింది తండ్రి. 'లోపమున్న పిల్లను అంటగట్టాడు' అని కథ చెప్పేవారు ఆ నేరంలో సగం ఆమె కళ్ల మీదికి నెడుతున్నారు.

తాల్మూదు పండితులు ఆమెను వెనకేసుకొచ్చారు. ఏశావుకిచ్చి చేస్తారేమోనని ఏడ్చి ఏడ్చి కళ్లు అలా అయ్యాయి, అది ఆమెకు ఘనతే అన్నారు. కానీ ఒక స్త్రీకి గౌరవం దక్కాలంటే ఆమె వైకల్యానికి మంచి కారణం చూపించాలా?

గ్రంథంలో వివక్షే లేదని నేననను. లేవీయకాండం 21వ అధ్యాయం చూపులేని, కుంటి యాజకులను బలిపీఠం దగ్గరకు రానివ్వదు. 19వ అధ్యాయమేమో చూపులేనివారి దారిలో అడ్డు పెట్టవద్దంటుంది. ఉన్నచోట ఉందని చెబుదాం. లేనిచోట చేర్చనివ్వకుండా చూద్దాం.

చూపు తక్కువని కట్నం పెంచి అడిగే ఇళ్లు మనకు తెలుసు. ఆ ఇళ్లలోనూ లేయా కథ వింటారు. ఈసారి ఎవరైనా ఆ కథ చెబితే, లేచి అడగండి: ఇది గ్రంథంలో ఉందా, మీరు చేర్చారా?