మందుల కాలపట్టిక
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



పాఠశాలను నడపువారము గనుక కాలపట్టిక విలువ మేమెరుగుదుము. నేడు మరియొక కాలపట్టికను గూర్చి మనవి చేయుదుము. అది అవయవమార్పిడి జరిగిన రోగి మందుల పట్టిక.

మన తమిళనాట వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1971లోనే మూత్రపిండపు మార్పిడి జయప్రదముగా జరిగినది. 2008 నుండి, మరణించినవారి అవయవములను రోగులకు చేర్చు ప్రభుత్వ పథకమును ఇచ్చట నడచుచున్నది. శస్త్రచికిత్స ఒకనాటి పని. మందులు జీవితాంతపు పని. శరీరము క్రొత్త అవయవమును పరాయిదిగా నెంచి దానిని చెరుపజూచును. ఆ యత్నమును అణచియుంచునవి మందులే. వేళలు తప్పుచున్నచో నెత్తురులో మందు తగ్గి, దాత యిచ్చిన దానము వ్యర్థము కావచ్చును.

సాధారణముగా టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ అను మందులను పండ్రెండు గంటల కొకసారియు, ప్రెడ్నిసొలోన్‌ను ఉదయమొకసారియు ఇత్తురు. రక్తపుపోటునకు, మధుమేహమునకు మందులు వీటికి తోడగుట కలదు. ఇన్నింటిని గుర్తుంచుకొనుట ఎవరికైనను కష్టమే. కావున వేళలను తగ్గించుట మొదటి పని. ఉదయము ఎనిమిది, రాత్రి ఎనిమిది అను రెండు వేళలలో ఎన్ని మందులు ఇముడునో వైద్యుని అడుగవలెను. టాక్రోలిమస్‌లో దినమున కొకసారి వాడు రకమును కలదు. కాని మార్చవలసినది వైద్యుడే. అంగడిలో వేరొక కంపెనీ బిళ్ళ లిచ్చినచో ఆయనకు తెలుపక మ్రింగరాదు. నెత్తురులో మందును కొలుచు దినమున, ఉదయపు బిళ్ళను వెంట తీసికొనిపోయి, నెత్తురిచ్చిన పిదప మ్రింగవలెను. ఒకపూట మరచినచో మరుపూట రెండింతలు మ్రింగరాదు. పంపరపనస తినరాదు; అది నెత్తురులో టాక్రోలిమస్‌ను మితిమీరి పెంచగలదు.

ఇక మన భాష మాట. మందు డబ్బీపై ఆంగ్లము; ఆసుపత్రిలో తమిళము. మన తాతలు, అవ్వలలో తెలుగు తప్ప వేరు లిపి చదువలేనివారు కలరు. విద్యార్థులారా! మీ యింట నట్టివారున్నచో, వైద్యుడు చెప్పిన పట్టికను తెలుగున పెద్ద అక్షరములతో వ్రాయుడు. ఉదయమునకు సూర్యుని, రాత్రికి చంద్రుని బొమ్మ వేయుడు. వ్రాసినదానిని ఆసుపత్రిలో చదివి వినిపించి, సరియని తెలిసికొన్న పిదపనే గోడకు అంటింపుడు. మందు మారిననాడు పాత కాగితమును చించివేయుడు.

తెలుగు చదువు ఎందులకని అడుగువారికి ఆ కాగితమును చూపవచ్చును.