మత్తు మందు మెదడులో ఏం చేస్తుంది?

(ఆపరేషన్ వార్డులో రోగుల బంధువులకు చేసిన ప్రసంగ పాఠం)

వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండమ్మా, చోటుంది.

ఆపరేషన్ కంటే మత్తు మందుకే ఎక్కువ భయపడేవాళ్లను రోజూ చూస్తుంటాను. "సిస్టర్, మళ్లీ లేస్తాడా?" అని అడుగుతారు. అడగవలసిన మాటే. జవాబు అర్థం కావాలంటే ఆ మందు మెదడులో ఏం చేస్తుందో కొంచెం తెలియాలి.

మన మెదడులో కోట్ల కొద్దీ నాడీకణాలు ఉన్నాయి. ఒక కణానికీ ఇంకో కణానికీ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. ఒక కణం కబురు పంపాలంటే ఆ ఖాళీలోకి ఒక రసాయనాన్ని వదులుతుంది. దాన్ని అందుకోవడానికి అవతలి కణం మీద రిసెప్టర్లు ఉంటాయి. తాళంలో చెవి తిరిగినట్టు రసాయనం అక్కడ కుదిరితే కణానికి ఉన్న చిన్న తలుపు తెరుచుకుంటుంది. గ్లుటమేట్ అనే రసాయనం "లే, పని చెయ్యి" అని చెబుతుంది. గాబా అనేది "ఊరుకో" అని చెబుతుంది.

పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్ ఇంజెక్షన్, పీల్పించే సెవోఫ్లూరేన్ ముఖ్యంగా ఈ గాబా రిసెప్టర్ మీద పనిచేస్తాయి. గాబా తెరిచిన తలుపును త్వరగా మూసుకోనివ్వవు. దాంతో క్లోరైడ్ లోపలికి వెళ్లి కణం సద్దుమణుగుతుంది, రోగికి తెలివి తప్పుతుంది. కెటమిన్ దారి వేరు. అది గ్లుటమేట్ అందుకునే ఒక రకం రిసెప్టర్‌ను అడ్డుకుంటుంది. అది ఇచ్చిన రోగి కళ్లు తెరిచే ఉండవచ్చు, లేచేటప్పుడు ఏదేదో మాట్లాడవచ్చు. గాలి సోకిందని దిష్టి తీయకండి, మందు దిగితే సర్దుకుంటుంది. మన హైదరాబాదులో 1888లో క్లోరోఫాం మీద కమిషన్ వేసిన నాటికి ఈ రిసెప్టర్ల సంగతి ఎవరికీ తెలియదు. నేటికీ అంతా తేలలేదు.

మందు రక్తంలో తగ్గేకొద్దీ రిసెప్టర్‌ను వదిలేస్తుంది, మనిషి లేస్తాడు. అంతవరకు ఊపిరి కూడా మందగిస్తుంది కాబట్టి మత్తు డాక్టరుగారు కదలకుండా పక్కనే ఉండి శ్వాస, నాడి, బి.పి. చూస్తుంటారు.

ఇప్పుడు అసలు సంగతి. సారా, బ్రాందీ కూడా ఈ గాబా రిసెప్టర్ మీదే పనిచేస్తాయి. నిద్రమాత్రలూ అంతే. కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డయజిపాం కూడా అంతే. రోజూ తాగేవారిలో ఆ రిసెప్టర్ మొద్దుబారుతుంది. అలాంటివారికి మత్తు మోతాదు మారవచ్చు. ఆపరేషన్ తర్వాత తాగుడు ఒక్కసారిగా ఆగిపోతుంది కదా, ఒకటి రెండు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, కలవరింత, ఒక్కోసారి ఫిట్స్ రావచ్చు. ప్రాణం మీదికి కూడా రావచ్చు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు ఆగినప్పుడు ఎందరో ఇలాగే ఆసుపత్రుల పాలయ్యారు.

ఒకావిడ "మా ఆయన ముట్టడు సిస్టర్" అంది. మూడో రోజు రాత్రి ఆయన సెలైన్ పీకేసి, గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరిచాడు. మత్తు మందు తలకెక్కిందని చుట్టాలంతా మా మీదకొచ్చారు. అప్పుడు ఆయన తమ్ముడు నెమ్మదిగా చెప్పాడు, రోజుకో సీసా అని. ముందే తెలిస్తే ముందే మందు పెట్టుకునేవాళ్లం. ఆవిడ తప్పని నేననను. పదిమందిలో ఏ భార్య చెబుతుంది?

అందుకే పక్కకు పిలిచి చెప్పండి. మేము తిట్టము. ఎంత తాగుతారు, చివరిసారి ఎప్పుడు తాగారు, ఇవే మాకు కావాలి. దాచిపెట్టి మానిపించడం, దొంగచాటుగా తాగించడం, రెండూ వద్దు. ఫిట్స్ మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు.

ఆకలని ఏడుస్తున్నాడని పిల్లవాడికి బిస్కట్ పెట్టవద్దు. మత్తులో దగ్గు, మింగుడు ఆగిపోయి కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెట్టేసి ఉంటే చెప్పండి, ఆపరేషన్ వాయిదా వేస్తారు, అంతే.

రేపు మత్తు డాక్టరుగారు మంచం దగ్గరకే వస్తారు. పాత మందుచీటీలు, ఖాళీ మాత్రల స్ట్రిప్పులు ఇంటినుంచి తెప్పించి దిండు కింద ఉంచండి.