జీవకోటినుండి యంత్రము నేర్చిన విద్య
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



కృత్రిమ మేధనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని మన గ్రంథాలయమునకు వచ్చు విద్యార్థులు నన్ను కోరిరి. చిట్టా ఆవర్జాలు వ్రాసికొను వీనికి ఈ శాస్త్రముతో పని యేమని మీరు తలంపవచ్చును. నేను శాస్త్రజ్ఞుడను గాను. భారత భాగవతములను సయితము గురువు లేక, పుస్తకములను ముందుంచుకొని చదివికొన్నవాడను. అట్టి నాకు ఈ విద్యయొక్క పుట్టుక తెలిసినపుడు కలిగిన ఆశ్చర్యమే ఈ ప్రసంగమునకు కారణము. నేడు మహావిశ్వవిద్యాలయములలో బోధింపబడుచున్న ఈ శాస్త్రమునకు మూలపురుషులలో ఒకడు, ప్రజాగ్రంథాలయమున తనంత తాను చదివికొన్న బాలుడు.

అతని పేరు వాల్టర్ పిట్స్. 1923లో అమెరికాయందలి డెట్రాయిట్ నగరమున జన్మించెను. పండ్రెండేండ్ల ప్రాయమున తోడి బాలుర బాధ తప్పించుకొనుటకై గ్రంథాలయమున దాగి, అచట రస్సెల్, వైట్‌హెడ్ పండితులు రచించిన కఠినమైన తర్కగణిత గ్రంథమును మూడు దినములలో చదివెననియు, అందలి దోషములు చూపుచు రస్సెల్‌కే జాబు వ్రాసెననియు చెప్పుదురు. పిదప షికాగో చేరి, అచటి విశ్వవిద్యాలయమున విద్యార్థిగా పేరు నమోదు కాకయే ఉపన్యాసములు వినుచుండెను.

మీకు ఏకలవ్యుడు జ్ఞాపకము వచ్చియుండును. ద్రోణుడు ఏకలవ్యుని శిష్యునిగా స్వీకరింపలేదు. పైగా తుదకు బొటనవ్రేలు అడిగెను. పిట్స్‌కు ఆ గతి పట్టలేదు. వారెన్ మెక్‌కలక్ అను నాడీశాస్త్రజ్ఞుడు, తనకంటె సుమారు ఇరువదియైదేండ్లు చిన్నవాడైన ఆ నిలువనీడలేని యువకుని తన యింటనే ఉంచుకొనెను. వారిరువురును కలసి విచారించి 1943లో ఒక వ్యాసము ప్రకటించిరి. మెదడులోని నాడీకణము, తనకు వచ్చు సంకేతములు ఒక మితిని చేరినపుడే తాను సంకేతము పంపును. అట్టి కణములను తగు రీతిని కూర్చినచో తర్కమును నడపవచ్చునని వారు గణితముచే చూపిరి. యంత్రమునకు మెదడు గురువైనది ఈ వ్యాసముతోనే.

1958లో ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్, ఉదాహరణములను చూచి తన్ను తాను దిద్దుకొనగల పర్‌సెప్ట్రాన్ అను కృత్రిమ నాడీజాలమును వర్ణించెను. కాని 1969లో మిన్‌స్కీ, పాపర్ట్ అను ఆచార్యులు ఒక్క వరుస కణములకు సాధ్యము కాని పనులు ఎన్ని గలవో నిరూపింపగా, ఈ మార్గము నిష్ఫలమని పలువురు విడిచిపెట్టిరి. పిట్స్ కూడ మిత్రులకు దూరమై ఆ సంవత్సరముననే, 46వ యేట కన్ను మూసెను.

విడువనివారు కొందరుండిరి. వారిలో జెఫ్రీ హింటన్ కేంబ్రిడ్జిలో మనశ్శాస్త్రము చదివి, ఎడింబరో విశ్వవిద్యాలయమున కృత్రిమ మేధయందు డాక్టరు పట్టము పొందినవాడు. 1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ అను మువ్వురు ప్రకటించిన వ్యాసముతో, పెక్కు వరుసల కణములకు నేర్పు ఉపాయము ప్రసిద్ధికెక్కెను. అది నా వృత్తిలోని మాటలతో చెప్పెదను. సంవత్సరాంతమున మొత్తము కలియనిచో మనము ఏమి చేయుదుము? మొత్తమునుండి వెనుకకు నడచి, ఏ పద్దు ఎంత తేడా తెచ్చెనో విచారించి దిద్దుదుము. యంత్రమును అట్లే. తుది జవాబునందలి తప్పును వెనుకకు పంచుకొనుచు, ప్రతి బంధమును దాని పాలికి వచ్చినంత సవరించుకొనును. 2024లో హింటన్‌కును, జాన్ హాప్‌ఫీల్డ్‌కును భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

గురువు మెదడొక్కటియే గాదు. బెల్లము కడకు బారులు తీరు చీమలను చూడుడు. అవి నడచిన త్రోవను వాసనగల పదార్థమును విడుచును. దగ్గరి త్రోవపై రాకపోకలు త్వరగా సాగి వాసన చిక్కబడును. నడువని త్రోవ వాసన ఆరిపోవును. మార్కో డోరిగో ఇటలీలోని మిలాన్‌లో 1992నాటి తన పరిశోధనమున ఈ న్యాయముచే దగ్గరి దారులు వెదకు గణనపద్ధతిని రూపొందించెను. మిషిగన్ విశ్వవిద్యాలయాచార్యుడు జాన్ హాలండ్ 1975లో ప్రకటించిన గ్రంథమున, జీవపరిణామమువలెనే జవాబులను సంకరపరచి, మేలైనవానిని నిలుపు పద్ధతిని వివరించెను.

అయినను ఒక హెచ్చరిక. ప్రేరణ వేరు, ప్రతి వేరు. 1959లో పిట్స్, మెక్‌కలక్ మరిద్దరితో కలసి కప్ప కంటిని పరీక్షించిరి. చూపునకు అర్థము కల్పించునది మెదడేయని తలంచుచుండగా, కదలు ఈగవంటి చిన్న నల్లని వస్తువును కన్నే వేరుపరచి మెదడునకు తెలుపుచున్నదని తేలెను. ఇందాక చెప్పిన తప్పుదిద్దు పద్ధతిని మన మెదడు అట్లే అనుసరించుచున్నదని నేటికిని నిరూపితము కాలేదు. కావున ఈ విద్య నేర్వగోరువాడు గణితమును, జీవశాస్త్రమును రెండింటిని ఎరుగవలెను.

మన కష్టము ఇచ్చటనే యున్నది. పదియవ తరగతి కాగానే ఎంపీసీయా, బైపీసీయా అని పిల్లలను రెండు గట్లకు చీల్చుచున్నాము. గణితము పట్టినవాడు కప్పను మరచును. కప్పను చూచినవాడు గణితమును విడుచును. కళాశాల వేరుచేసిన ఆ రెండింటిని కలుపగలది గ్రంథాలయము. ఇచట ఏ పుస్తకము తీసినను నీ గ్రూపు ఏదని అడుగువారు లేరు.

కార్యవర్గమువారికి నా మనవి రెండు మాటలు. గణిత, జీవశాస్త్ర గ్రంథములను ఒక్క బీరువాలో పక్కపక్కన ఉంచుడు. చందా కట్టలేని బాలుడు వచ్చినచో గుమ్మముకడ ఆపకుడు. వాడేమి చదువునో, దానివలన లోకమునకేమి కలుగునో ఆనాడు మనకు తెలియదు. డెట్రాయిట్‌లో తలుపు తెరచి యుంచినవారికిని తెలియదు.