తలకిందులైన మత్స్యన్యాయం



నేను చదువుకునే రోజుల్లో మా మాస్టారు విశాఖ హార్బర్‌లో ఒక కోనెం చేప కొని, మా చేతే పొట్ట కోయించారు. లోపల సగం అరిగిన నెత్తళ్లు. "తూచడం అందరికీ వచ్చు. అది ఏం తిన్నదో చూడండి" అన్నారు. చేతుల నీచు వాసన రెండ్రోజులు పోలేదు.

ఆ మాట విలువ కెనడా తూర్పు తీరంలోని కాడ్ అనే చేప కథలో తెలుస్తుంది. శతాబ్దాలుగా యూరప్ ఓడలు దానికోసమే వచ్చేవి. భారీ ట్రాలర్లు దిగాక, 1968లో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర ఒక్క ఏడాదిలోనే దాదాపు 8 లక్షల టన్నులు పట్టారు. 1992 జూలై 2న ప్రభుత్వం వేట ఆపేసింది. వేల కుటుంబాలకు పని పోయింది. నీళ్లు బాగా చల్లబడటమూ ఒక కారణమంటారు. కావచ్చు. కానీ ఆ చలిని చూపించి వలల్ని వెనకేసుకు రాలేం.

పక్కనున్న నోవా స్కోషియా తీరంలోనూ కాడ్ పోయింది. ఆ తర్వాత జరిగినదాన్ని 2005లో శాస్త్రవేత్త కెన్నెత్ ఫ్రాంక్ బృందం లెక్కగట్టింది. కాడ్‌కు ఆహారమైన రొయ్యలు, పీతలు, హెర్రింగ్‌లాంటి చిన్న చేపలు విపరీతంగా పెరిగాయి. వాటి ధాటికి పెద్ద జంతుప్లవకాలు తగ్గాయి. మేసేవి తగ్గాక వృక్షప్లవకాలు పెరిగాయి. అవి వాడుకోవడంతో నీటిలో నైట్రేట్ తగ్గింది. పైన ఒక్క నోరు లేకపోతే మార్పు ఉప్పునీటి రసాయనం దాకా దిగింది! రొయ్యలు, పీతల రాబడి మాత్రం కాడ్ రోజుల్ని మించిపోయింది. అందుకే వ్యాపారి కంటికి అక్కడ నష్టం కనిపించలేదు.

మత్స్యన్యాయమంటే పెద్దది చిన్నదాన్ని మింగడమని కదా మనం చెప్పుకుంటాం. అక్కడ చిన్న చేపలే కాడ్ గుడ్లనూ పిల్లలనూ తింటూ, ఆ పిల్లల తిండికీ పోటీ వస్తున్నాయని, కాడ్ కోలుకోకపోవడానికి అదొక కారణమని ఆ శాస్త్రవేత్తల అనుమానం. న్యూఫౌండ్‌లాండ్‌లో రెండేళ్లకని పెట్టిన నిషేధం 2024 దాకా సాగింది.

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మత్స్యశాస్త్ర విద్యార్థులారా, మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఆగుతుంది. ఆ తర్వాత తొలి బోట్లు జెట్టీకి చేరే తెల్లవారుజామున, వేలంపాటకు ముందే వెళ్లండి. మన దగ్గరి పెద్ద నోళ్లు సొర, కోనెం, సూర ఎన్ని బుట్టలు దిగాయో రాసుకోండి. పొట్ట కోసి అవేం తిన్నాయో చూడటానికి కత్తి మీరే పట్టుకెళ్లండి. అడిగితే అక్కడి ఆడవాళ్లు కత్తిపీట ఇస్తారు గానీ, బేరం చెడగొడుతున్నారని నాలుగు తిట్టి మరీ ఇస్తారు.